మళ్ళీ చెప్పు

మా అమ్మ రోజుకు వందసార్లు అనే మాట ఒకటుండేది. "మళ్ళీ చెప్పు." పొద్దున లేచింది మొదలు రాత్రి దీపం ఆర్పేదాకా అదే మాట. ఏడేళ్ళ వయసులో జ్వరమొచ్చి రెండు చెవులూ పోయిన మనిషి. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకునేది. అందకపోతే మొహమాటపడేది కాదు. బస్సు కండక్టరైనా, బ్యాంకు మేనేజరైనా సరే, చివర ఒక "అండి" చేర్చి మళ్ళీ చెప్పించుకునేది. ఇంట్లోవాళ్ళమైతే గడ్డం కింద వేలు పెట్టి మొహం వెలుగువైపు తిప్పి మరీ చెప్పించేది. ఆ గొంతు కాస్త పెద్దది, ఎత్తుపల్లాలు లేనిది. వీధిలో జనం తిరిగి చూసేవాళ్ళు. చిన్నప్పుడు నాకు ఆ మాటంటే ఒళ్ళుమంట.

ఆ వేసవిలో ఆ మాట మా ఇంట్లో ఆగిపోయింది. ఆపించిన మహాతల్లిని నేనే.

మా ఇంటికి కొన్ని పద్ధతులుండేవి. వీపు చూపించి మాట్లాడకూడదు. ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడకూడదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వకూడదు. బయటినుంచి వచ్చినవాళ్ళు గుమ్మం పక్కనున్న స్విచ్చి రెండుసార్లు వేసి తియ్యాలి. లోపల దీపం మిణుకుమిణుకుమంటే కుట్టుమిషను మీద వంగిన అమ్మ తలెత్తేది. కోపమొస్తే అరిచేది కాదు, కళ్ళు మూసుకునేది. ఇక ఎవరు ఎంత మొత్తుకున్నా ఏం లాభం? "మా అక్క కళ్ళు మూసుకుందంటే కోర్టు మూసేసినట్టే, అప్పీలు కూడా లేదు" అనేది పక్క వాటాలో ఉండే మా పిన్ని.

అమ్మ చదువు రెండో తరగతితో ఆగింది. అంకెలూ కొలతలూ తప్ప రాతకోతలు రావు. కాబట్టి కాగితం మీద రాసి చూపిస్తే సరిపోయేది కదా అని నన్నడగకండి.

మనుషుల్ని పెదాల్ని బట్టి అంచనా వేసేది. మీసాలవాళ్ళది డాక్టరు చేతిరాత అనేది. పళ్ళూడిన ఎదురింటి తాతది వానలో తడిసిన కాగితం. పిన్నిది గొలుసుకట్టు, వేగమెక్కువ, సగం అక్షరాలు మింగేస్తుంది. నాది మాత్రం అచ్చు. నా పెదాలు అమ్మ పెదాలే, సన్నగా, అంచు తీర్చినట్టుండేవి. "నీది అచ్చు పుస్తకమే తల్లీ, కళ్ళజోడు లేకుండా చదివేస్తాను" అనేది. యూనిఫారాలు కుట్టించుకోవడానికి వచ్చే బడివాళ్ళు కొలతలూ గడువులూ నాతో చెబితే, నేను అమ్మతో చెప్పేదాన్ని. ఈ లోకంలో ఆవిడకి కష్టపడకుండా అందే మాట నాదొక్కటే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. బజారులో ఒక ఫొటో స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని ఫొటోలు దిద్దే పని. మొటిమలు తుడవడం, కళ్ళకింద నలుపు తియ్యడం, జారిన బుగ్గల్ని పైకి లాగడం. ఓనరు నాకు "రబ్బరు" అని పేరు పెట్టాడు. "రబ్బరూ, ఈ పెళ్ళికొడుక్కి రెండో గడ్డం చెరిపెయ్" అని కేక వేసేవాడు. ఆ ఏడాది వచ్చినవాళ్ళంతా ఒకటే పాట, పెదాలు కాస్త నిండుగా చెయ్యండని. అంచు పట్టుకుని మౌసుతో కాస్త లాగితే చాలు, నిండుగా వచ్చేవి. రోజుకు ముప్ఫై జతల పెదాలు ఉబ్బించి, ఇంటికొచ్చి అద్దంలో నావి చూసుకుంటే ఉసూరుమనిపించేది. ఎవరో గీత గీసి, మిగతాది తర్వాత చూద్దామని వదిలేసినట్టుండేవి.

అప్పుడే ఓనరు ముందు గదిలో కొత్త కౌంటరు పెట్టాడు. ఆల్బములు చూపించి, నవ్వుతూ ఆర్డర్లు తీసుకునే మనిషి కావాలి. "నువ్వే కూర్చోవచ్చు రబ్బరూ, నీకంటే పని తెలిసినవాళ్ళెవరు? కాకపోతే మొహం కొంచెం..." అని ఆగాడు. పాపం ఆయన ఏమనబోయాడో ఏమో. ఆగిన చోట మిగతాది నేనే పూరించుకున్నాను.

స్టూడియో మేడమీద చర్మం డాక్టరమ్మ క్లినిక్కు. పెదాల్లోకి సూదితో జెల్లు ఎక్కిస్తామనీ, ఏడాదీ ఏడాదిన్నరకి దానంతటదే తగ్గుతుందనీ చెప్పింది. "నచ్చకపోతే?" అన్నాను. "కరిగించే ఇంజెక్షను వేరే ఉంది" అంది. ఆ ఒక్క ముక్కా చాలింది నాకు. పగలంతా ఏ తప్పు చేసినా ఒక్క మీట నొక్కి వెనక్కి తెచ్చుకునే పనిలో ఉన్నదాన్ని. నచ్చకపోతే వెనక్కి పోవచ్చు, ఇంకేం భయం!

బళ్ళకి సెలవులిచ్చిన వారంలో మొదటి సిరంజి వేయించుకున్నాను. నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. బాగా ఉండటంవల్లే ఎవరూ కనిపెట్టలేదు. అదీ నా ఏడుపు. రెండు వారాలు తిరక్కుండా మళ్ళీ మెట్లెక్కాను.

"వద్దమ్మా. మీ పెదాలు చిన్నవి, అంత పట్టవు. పైకి పాకుతుంది" అంది డాక్టరమ్మ.

"పాకితే పాకనివ్వండి. మొహం నాదే కదా."

"సగం వేస్తాను. చూద్దాం."

మిగతా సగం కూడా వేస్తేగాని నేను బల్ల దిగలేదు. పైత్యం అంటే అదే.

మర్నాటికి మూతి బూరెలా ఉబ్బింది. గుమ్మంలో పిన్ని ఎదురై బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఏమే, కందిరీగ కుట్టిందా? ఇక నీకు దిండక్కర్లేదులే, మూతి ఆనించి పడుకోవచ్చు!"

అమ్మ మాత్రం నవ్వలేదు. మిషను వదిలేసి లేచొచ్చి, రెండు చేతులా నా మొహం పట్టుకుంది. "ఏమైంది?"

"మందు పడలేదమ్మా" అన్నాను.

"మళ్ళీ చెప్పు."

"తలనొప్పికి మాత్ర వేసుకున్నాను. పడలేదు."

"మళ్ళీ చెప్పు."

మూడోసారి చెప్పాను. అమ్మ తలూపింది. అబద్ధం ఒకసారి ఆడితే పోయేది, ఆవిడ నాచేత మూడుసార్లు ఆడించింది. మూడు రోజులపాటు, గుట్టలుగా పడున్న యూనిఫారాల బట్ట ముట్టకుండా, మంచుముక్కలు గుడ్డలో కట్టి నా మూతికి అద్దుతూ కూర్చుంది. "నొప్పా? నొప్పా?" అంటూ. నేను తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా అద్దించుకున్నాను.

వాపు పోయింది గాని డాక్టరమ్మ చెప్పినంతా అయింది. జెల్లు పెదవి దాటి పైకి పాకి, పెదవికీ మూతికీ మధ్య అంచన్నది లేకుండా పోయింది. పైపెదవి బిరుసుగా ఉండి, మాట్లాడుతుంటే రెండూ సరిగ్గా కలిసేవి కావు. గొంతు బాగానే వచ్చేది కాబట్టి వినేవాళ్ళెవరికీ తేడా తెలియలేదు. ఓనరుకైతే తెగ నచ్చింది. "ఇదీ కౌంటరు మొహమంటే!" అన్నాడు. వెనక గదిలోంచి నా కుర్చీ ముందుకు జరిగింది. నేను గాల్లో తేలిపోయాను.

ఇంట్లో అమ్మ నన్ను మళ్ళీ చెప్పమనడం మానేసింది.

మొదట నేను గమనించలేదు కూడా. ఏం చెప్పినా "ఆఁ" అనేది. వెళ్ళొస్తానంటే ఆఁ, ఆలస్యమవుతుందంటే ఆఁ, సబ్బు అయిపోయిందంటే ఆఁ. హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఆ సణుగుడు వదిలింది అనుకున్నాను. ఒకరోజు ఒక బడివాళ్ళు నలభై చొక్కాలు బుధవారానికి కావాలని నాకు ఫోన్ చేశారు. చెప్పులు తొడుక్కుంటూ గబగబా అమ్మతో చెప్పేశాను. ఆఁ అంది. బుధవారం వాళ్ళొచ్చేసరికి సగం చొక్కాలకి చేతులే లేవు. వాళ్ళు బట్టంతా మూటకట్టుకుని పట్టుకుపోయారు. "చెప్పింది కదండీ అమ్మాయి, నేనే మరిచిపోయాను" అని వాళ్ళ ముందు లెంపలేసుకున్నంత పని చేసింది అమ్మ. ముప్ఫై ఏళ్ళలో ఒక్క గడువు మరిచిపోని మనిషి.

ఆ సాయంత్రం పిన్ని నన్ను పెరట్లోకి పిలిచింది. "అక్కకి నీ మాట అందట్లేదే."

"అదేం లేదు. తలూపుతోందిగా."

"తలూపక ఏం చేస్తుంది? నువ్వటు వెళ్ళగానే ఇటు నా దగ్గరకొస్తుంది, పొద్దున అది ఏమందే అని. గోడకి ఇవతల నాకు వినిపించింది నేను చెబుతున్నా. వినిపించనిది మీ ఇద్దరి ఖర్మ."

"ఆ ముక్క నన్నే అడగొచ్చుగా!"

"ఏమని అడగాలి? నువ్వు ముచ్చటపడి చేయించుకున్న మూతి నాకు తెలియట్లేదే అని అడగాలా? మందూ మాకూ కాదు, సోకు కోసం చేయించుకుందని నేనే చెప్పేశాను, తిట్టుకుంటే తిట్టుకో. అక్కేమందో తెలుసా? ‘దానికి నచ్చింది కదా. నాకే అలవాటు కావాలి’ అంది."

 అప్పుడే క్లినిక్కుకి పరిగెత్తి కరిగించుకుని ఉంటే ఈ కథ రాసే పని ఉండేది కాదు. కాని ఒకటి రెండు రోజులు పోయాక ఏమైందంటే, ఇది చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది, నాకు హాయిగా అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అమ్మ ఎదురుగా నిలబడి ఏదైనా అనొచ్చు. ఫోనులో స్నేహితురాలితో ఇంటి విషయాలు చెప్పుకోవచ్చు. కూరలో ఉప్పు లేదని గొణగొచ్చు. "అబ్బ, ఈ గొంతేమిటి నాయనా" అని పైకే విసుక్కోవచ్చు. అమ్మ నా పెదాల వంక చూసి, నేనేదో మంచిమాటే అంటున్నానని, నవ్వుతూ ఆఁ అనేది. తెలిసీ తెలియనట్టుండటంలో ఎంత సుఖముందో నాకు ఆ నెలలో తెలిసింది.

ఇక స్టూడియోలో జరిగింది చెప్పాలి.

ఎండ నిప్పులు చెరుగుతున్న ఒక మధ్యాహ్నం. పెళ్ళి ఆల్బము కోసం పెద్దింటివాళ్ళు వచ్చారు. కాబోయే పెళ్ళికూతురు, వాళ్ళమ్మ. ఇద్దరూ సెంటు వాసనలు గుప్పుమంటూ మెత్తటి కుర్చీల్లో కూర్చున్నారు. నేను ఆల్బము పేజీలు తిప్పుతూ నా కొత్త మూతితో నవ్వుతున్నాను. అంతలో అద్దాల తలుపు తోసుకుని అమ్మ వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. బట్టల మీద దారప్పోగులు. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. చేతిలో నా భోజనం కారేజీ.

"మరిచిపోయి వచ్చేశావు!" అంది. ఆ గొంతుకి గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. పెళ్ళికూతురు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఎవరండీ?" అంది వాళ్ళమ్మ.

అమ్మ నావైపు చూస్తోంది. నా పెదాలవైపే.

"మా టైలరమ్మ" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! అబద్ధం కూడా కాదు చూడండి. మూలన కెమెరా లెన్సు తుడుచుకుంటున్న ఓనరు చొక్కాలు కూడా అమ్మే కుడుతుంది. ఆయన తలెత్తలేదు. తుడిచిందే తుడుస్తూ ఉండిపోయాడు.

అమ్మ, తనని నేను వాళ్ళకి పరిచయం చేశాననుకుని, మొహమంతా నవ్వు చేసుకుని వాళ్ళిద్దరికీ దణ్ణం పెట్టింది. పెళ్ళికూతురి దగ్గరకెళ్ళి, జాకెట్టు చేతి కుట్టు అలవాటుకొద్దీ వేలితో తడిమి చూసి, "బొమ్మలా ఉంది పిల్ల. ఫొటోలు మా అమ్మాయి చేతిలో పెట్టండి, ఆల్బము చక్కగా చేస్తుంది" అంది.

వాళ్ళమ్మ నావంక చూసింది. "అమ్మాయా?"

"అందరినీ అలాగే అంటుందండీ" అన్నాను. ఆల్బములో తర్వాతి పేజీ తిప్పాను.

అమ్మ కారేజీ బల్లమీద పెట్టి, ఎండలోకి వెళ్ళిపోయింది. తలుపు దాటాక అద్దంలోంచి ఒకసారి నావైపు చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఆ రోజు కారేజీ విప్పలేదు. ఆకలి లేదని సాయంత్రం అబద్ధమాడాను. అదీ అర్థమయిందో లేదో, ఆఁ అంది.

పది రోజులు గడిచాయి. అమ్మకి తెలిసిందా తెలియలేదా అన్నది నన్ను పీక్కు తింటూనే ఉంది. ఆవిడ కళ్ళలోకి చూడ్డానికి ముఖం చెల్లేది కాదు. చూస్తే ఏమీ కనిపించేది కాదు. ఎప్పటిలాగే ఉండేది. ఒకటి మాత్రం చూశాను. అన్నం వడ్డిస్తూ, బట్ట కత్తిరిస్తూ, అప్పుడప్పుడు తనలో తాను పెదాలు కదుపుతూ ఏదో ఆలోచించేది. వయసు మీదపడుతోంది కాబోలు అనుకున్నాను.

ఆ రోజు ఊరంతా కరెంటు పోయింది. ఎప్పటికొస్తుందో తెలియదని ఓనరు షట్టరు దించేశాడు. మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చాను. అలవాటు ప్రకారం గుమ్మం పక్క స్విచ్చి రెండుసార్లు వేసి తీశాను. కరెంటు లేనిది దీపమెక్కడ వెలుగుతుంది? నేను వచ్చినట్టు అమ్మకి తెలియలేదు.

లోపల గదిలో కిటికీ పక్కన, నా అలమార అద్దం ముందు నిలబడి ఉంది, వీపు సగం నావైపు. కోటు భుజాల్లో కుట్టే దూది ఉంటుంది కదా, అది చిన్న చిన్న ఉండలు చేసి పక్కన పెట్టుకుంది. రెండు ఉండలు పైపెదవి కిందికి దోపింది, రెండు కిందిపెదవి లోపలికి. మూతి నా మూతిలాగే ఉబ్బింది. అద్దంలోకి తదేకంగా చూసుకుంటూ మాట్లాడుతోంది.

"అమ్మా, వెళ్ళొస్తా."

ఆగింది. పెదాలు ఎలా కదిలాయో చూసుకుంది. మళ్ళీ అంది. "అమ్మా, వెళ్ళొస్తా. అమ్మా, ఆలస్యమవుతుంది. అమ్మా, నేను తిన్నాను, నువ్వు తిను."

అన్నీ నా మాటలే. రోజూ నేననేవే. ఒక్కో మాటా మూడేసిసార్లు అని, దూది జారితే సర్దుకుని, పరీక్షకి చదువుకునే పిల్లలా తలూపుకుంటోంది. నా కొత్త మూతి నేర్చుకుంటోంది మా అమ్మ.

నేను గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. గట్టిగా అడుగేస్తే నేల అదురు ఆవిడకి తెలుస్తుంది.

అమ్మ చెంగుతో నోరు తుడుచుకుంది. దూది సర్దుకుంది. ఈసారి నిటారుగా నిలబడి, కౌంటరు వెనక నేను నవ్వినట్టే కాస్త నవ్వు పెట్టుకుని అంది.

"ఈవిడ మా అమ్మ."

చూసుకుంది. తల అడ్డంగా ఊపింది. ఆ రోజు స్టూడియోలో నా పెదాల మీద చూసింది ఇది కాదు. మళ్ళీ అంది, వేగంగా. "మా అమ్మండీ." కాదు. దూది కొంచెం పైకి నెట్టింది. తప్పు దూదిదేనన్నట్టు. "మా అమ్మ. మా అమ్మ." మెల్లగా ఒకసారి, తొందరగా ఒకసారి. నుదురు చిట్లించుకుని, ఎక్కడ పొరపాటు పడుతున్నానా అని అద్దంలోకి ఇంకా దగ్గరగా వంగింది.

నాకు తల కొట్టేసినట్టయింది. నేల అదరకుండా వెనక్కి అడుగులేసి వీధిలోకొచ్చేశాను. ఎండలో చాలాసేపు నడిచాను. ఎటు తిరిగినా ఆవిడ గొంతులో ఆ ‘మా అమ్మ’ అన్న మాటే వినిపించింది.

మర్నాడు క్లినిక్కు తలుపు తియ్యకముందే మెట్లమీద కూర్చున్నాను. ఒక ఫారం ఇచ్చారు. పేరు, వయసు, ఎప్పుడు వేయించుకున్నారు, కరిగించుకోవడానికి కారణం. కారణం దగ్గర పెన్ను ఆగింది. ఎంతసేపు ఆలోచించినా ఆ చిన్న గడిలో పట్టేది ఒకటీ తట్టలేదు. చివరికి "నచ్చలేదు" అని రాశాను. అక్కడా అబద్ధమే.

డాక్టరమ్మ ‘నేను ముందే చెప్పానా లేదా’ అనలేదు. అని ఉంటే బాగుండేది. "తేనెటీగో కందిరీగో కుట్టి ఎప్పుడైనా ఒళ్ళంతా వాచిందా? ఈ మందు పడనివాళ్ళుంటారు, అందుకడుగుతున్నా" అంది. పిన్ని మాట గుర్తొచ్చి నవ్వబోయాను. నవ్వు రాలేదు, కళ్ళలో నీళ్ళొచ్చాయి. భయమనుకుంది కాబోలు, భుజం తట్టింది. ముంజేతి మీద ఒక చుక్క ఎక్కించి, అరగంట కూర్చోబెట్టి చూసి, ఏమీ కాలేదని తేల్చుకుని సూది తీసింది. ఎక్కించినప్పటికంటే కరిగించినప్పుడే మంట ఎక్కువ. పెదవి చుట్టూ ఎన్ని పోట్లో లెక్కపెట్టలేదు. నొప్పికి బల్ల అంచు పట్టుకుని, ఇంకో నాలుగు పొడిస్తే బాగుండు అనుకున్నాను.

"జెల్లు ఒకటి రెండు రోజుల్లో కరుగుతుంది. ఈలోపు వాపు వస్తుంది, కంగారుపడకండి" అంది. "పాతవే వస్తాయి. కొన్నాళ్ళు కాస్త వదులుగా ఉన్నట్టనిపించొచ్చు."

"మాట స్పష్టంగా కనబడుతుందా?" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. "వినబడుతుందా అనా?"

"కాదండీ. కనబడుతుందా అని."

ఇంటికెళ్ళేసరికి మూతి మొదటిసారికంటే ఘోరంగా ఉంది. నోరు తెరవడమే కష్టం. పిన్ని గుమ్మంలోనే పట్టుకుంది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల!" అంది. అంతలోనే నా మొహం చూసి గొంతు తగ్గించింది. "పోనీలే, కడుక్కుంటున్నావుగా. లోపలికి పద."

అమ్మ లేచి మంచుముక్కలు గుడ్డలో కట్టుకొచ్చింది. నాలుగు రోజులు అద్దింది. బళ్ళు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి, చేతినిండా పని, అయినా మిషను ఆపి మరీ అద్దింది. ఆ నాలుగు రోజులూ నేను ఒక్క మాట అనలేదు. కరిగేది జెల్లేనా, పెదవి కూడా కరిగి ఇంకెప్పటికీ అచ్చు పడదా అని రోజూ అద్దంలో చూసుకుంటూ చచ్చాను. ఆ చల్లటి గుడ్డ తగిలినప్పుడల్లా, మొదటిసారి అబద్ధమాడి ఇలాగే అద్దించుకున్నానని గుర్తొచ్చేది.

అయిదో రోజు పొద్దున వాపు లేదు. అద్దంలో ఎవరో గీసి వదిలేసిన ఆ సన్నగీత. దాన్ని చూసి అంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

అమ్మ ముందు గదిలో చొక్కాలకి గుండీలు కుడుతోంది. మర్నాడే బళ్ళు తెరుస్తారు. నేను ఇంట్లోనే ఉన్నాను, అయినా గుమ్మం దగ్గరికెళ్ళి స్విచ్చి రెండుసార్లు వేసి తీశాను. అమ్మ తలెత్తింది.

"అమ్మా" అన్నాను. "చొక్కాలు ఇంకా ఎన్ని మిగిలాయి?"

"ఆరు" అంది. అని, చేతిలో సూది అలాగే పట్టుకుని నా మూతి వంక చూస్తూ ఉండిపోయింది. నెమ్మదిగా మొహమంతా విప్పారింది. "అచ్చు!" అంది, వీధి చివరికి వినబడేటంత గట్టిగా. పక్క వాటాలోంచి పిన్ని నవ్వు వినిపించింది.

అక్కడితో ఆపేస్తే ఆ వేసవి సుఖంగా ముగిసేది. ఆవిడకి మాట అందింది, నాకు మూతి దక్కింది. అద్దం ముందు తేలని లెక్క తేలకుండానే అమ్మ మరిచిపోయేది, లేదా మరిచిపోయినట్టుండేది. కాని ఇప్పుడు చెప్పకపోతే ఈ పెదాలు దేనికి?

ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చున్నాను. నోరు తెరవగానే మాటలు ఒకదానిమీద ఒకటి పడిపోయాయి. "ఆ రోజు స్టూడియోలో వాళ్ళు నువ్వెవరని అడిగారు. మా అమ్మ అని నేననలేదు. మా టైలరమ్మ అన్నాను. నువ్వు మా అమ్మాయి అంటే, అందరినీ అలాగే అంటుందని చెప్పాను. నీకు తెలియదని తెలిసే అన్నాను."

కళ్ళు మూసుకుంటుందనుకున్నాను. మూసుకుంటే బాగుండునని లోపల దేవుడికి మొక్కాను కూడా. మూసుకోలేదు. చివరి మాటదాకా రెప్ప వెయ్యకుండా చూసింది.

సూది చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది. చెయ్యి చాచి, నా గడ్డం కింద వేలు పెట్టి, చిన్నప్పుడు తిప్పినట్టే నా మొహాన్ని కిటికీ వెలుగువైపు తిప్పింది.

"మళ్ళీ చెప్పు" అంది. "తొందరపడ్డావు. మెల్లగా."

ఒక్క ముక్క పొల్లుపోకుండా, మళ్ళీ చెప్పాను.